పోటెక్కితే పోయే సిగ్నల్

ఏమర్రా, ఫోన్లో నెట్ ఒక్క నిమిషం ఆగితే ఇల్లు పీకి పందిరేసే వీరులూ, వీరనారులూ! ఇటు రండి. మీకంటే పెద్ద తింగరోడి కథ చెబుతాను.

వాడి పేరు టోర్కిల్. స్కాట్లాండ్ పడమటి ఒడ్డున ఆర్డెల్ అనే ఊరివాడు. ఎదురుగా సముద్రపు పాయ, దానికి ఆవల కిల్‌బ్రే. కేబుల్ వెయ్యడానికి ఏ కంపెనీ రాకపోతే, ఊళ్ళవాళ్ళే రెండు ఒడ్లమీదా రేడియో డిష్షులు ఎదురెదురుగా నిలబెట్టి నెట్ నడుపుకుంటున్నారు. వాటి సెట్టింగులు చూసేది మనవాడే. అవతలి డిష్షు ఉన్నది ఇష్‌బెల్ ఇంటి కప్పు మీద. పాయలో తాళ్ళు వేలాడదీసి ఆల్చిప్పలు పెంచే పిల్ల, నోరు కొంచెం జాస్తి.

ఆరువారాలుగా ఆ లింకుకి మాయరోగం. రోజూ పడిపోవడం, ఇష్‌బెల్ ఫోన్ చెయ్యడం.

"ఇంజనీరు గారూ, మళ్ళీ చచ్చింది మీ డబ్బా. వస్తారా, పావురాల చేత కబుర్లు పంపుకోమంటారా?"

టోర్కిల్ తన ఒడ్డున చానెల్ మార్చి, వ్యాన్లో పాయ చుట్టూ గంటన్నర తిరిగి, తడిసిన కోడిలా దిగుతాడు. నిచ్చెనెక్కి అక్కడా అదే చానెల్ పెడతాడు. కింద నిచ్చెన పట్టుకుని ఇష్‌బెల్ పైకి చూస్తుంటే ఏ అంకె నొక్కుతున్నాడో వాడికే తెలీదు. అయినా లింకు లేచి కూర్చుంటుంది!

"చూశావా?"

"చూశాలే, గొప్ప పనిమంతుడివి. రా, టీ చల్లారిపోతోంది" అంటూ కన్ను కొడుతుంది.

ఎందుకు కొట్టిందో అర్థంకాక దారి పొడుగునా బుర్ర గోక్కుంటాడు. పవర్ పెంచితే బాగైంది. మర్నాడు తగ్గించినా బాగైంది. ఇదేం లెక్క?

ఇంతలో ఆ నెట్ నడిపే ఊళ్ళ కమిటీ నుంచి ఉత్తరం: శనివారంలోగా బాగుచెయ్యకపోతే పని వేరేవాళ్ళకి. బాగుచేస్తే ఇష్‌బెల్ ఇక పిలవదు. చెయ్యకపోతే ఆ నిచ్చెన ఇంకొకడెక్కుతాడు. పాపం, ఎటు ఏడవాలో తెలీలేదు వాడికి.

శుక్రవారం లాప్‌టాప్‌తో ఆమె వంటింట్లో కూలబడ్డాడు.

"నాకు పిచ్చెక్కుతోంది ఇష్‌బెల్. ఇది చూడు. రోజూ నిన్నటికంటే యాభై నిమిషాలు ఆలస్యంగా పోతోంది. ఏ సెట్టింగైనా టైము చూసుకుని చెడుతుందా?"

ఇష్‌బెల్ కప్పు కింద పెట్టింది. "జోకా?"

"జోకేంటి? రేపు నా పని ఊడుతుంది!"

"రోజూ యాభై నిమిషాలు జరిగేది ఏంటి బాబూ? కిటికీలోంచి చూడు."

చూశాడు. నీళ్ళు గట్టు అంచుదాకా ఉన్నాయి.

"పోటు!" అన్నాడు.

"హమ్మయ్య! పోటెక్కితే నీళ్ళ మీద తగిలి వచ్చే సిగ్నల్ అసలుదాన్ని దెబ్బ కొడుతోంది. నువ్వు చుట్టు తిరిగొచ్చేసరికి నీళ్ళు దిగుతాయి, లింకు తనే లేస్తుంది. ఇంకో ఎత్తులో రెండో డిష్షు పెడితే సరి."

"నీకు ముందే తెలుసా?"

"పోటు చూసుకునే కదా నేను పడవ తీసేది! మొదటివారమే తెలుసు."

"మరి చెప్పవే? ఆరువారాలు నన్ను వెర్రివెధవని చేసి..."

"నేనా?" ఇష్‌బెల్ ముఖం కందిపోయింది. "నీకూ తెలుసనుకున్నాను! నాకోసమే వస్తున్నావు, ఆ చానెళ్ళు మార్చడం అంతా వంక అనుకున్నాను. ఎంత గడుసువాడో అని అమ్మకి కూడా చెప్పేశాను. నువ్వు నిజంగానే రిపేరు చేస్తున్నావా?"

అబద్ధం నాలిక చివరదాకా వచ్చింది. మింగేశాడు.

"మొదటివారం రిపేరుకే వచ్చాను. ఆ తరవాత... బాగవకూడదని దణ్ణం పెట్టుకుంటూ వచ్చాను."

ఇష్‌బెల్ చాలాసేపు నవ్వింది. తరవాత వాడి చెయ్యి పట్టుకుంది, ఇక వదల్లేదు.

శనివారం ఇద్దరూ కలిసి రెండో డిష్షు బిగించారు. లింకూ నిలిచింది, పనీ నిలిచింది. ఆదివారం ఫోన్.

"వస్తావా?"

"ఏం చెడింది?"

"ఏమీ చెడలేదు మొద్దూ, రా!"

టోర్కిలే కదా మోసపోయింది అని నవ్వుతున్నారా? వాడిదేం పోయింది? మేధావి అల్లుడొస్తున్నాడని అమ్మని ఒప్పించేసిన ఆ పిల్ల సంగతి చూడండి!