నొప్పి కొలిచే పెట్టె

"ఇంకా కదులుతోంది డాక్టరమ్మా," అన్నాడు మస్తాన్ వలీ, గాజుపెట్టె మీదికి వంగి.

"మొప్పలే కదులుతున్నాయి వలీగారూ. మెదడు అప్పుడే నిద్రపోయింది. ఆ గీత చూడండి," అంది డాక్టర్ నీరజాక్షి.

తెర మీద ఆకుపచ్చ గీత చిన్న చిన్న అలలుగా ఊగి ఊగి చదునైపోయింది. పెట్టెలో ఉన్నది ఒక గోల్డ్‌ఫిష్. ఒళ్లు ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకుని, పదిరోజులుగా పక్కకి ఒరిగి తేలుతోంది. ఉప్పునీళ్లు, మందులు అన్నీ అయిపోయాయి. విశాఖపట్నంలో ముప్పై ఏళ్లుగా అక్వేరియం షాపు నడుపుతున్న వలీకి, నయంకాని చేపని ఏం చెయ్యాలన్నది ఎప్పటికీ తెగని బాధ. కొందరు టాయిలెట్లో వేసి ఫ్లష్ కొట్టేవారు. కొందరు ఫ్రీజర్లో పెట్టేవారు. చేప అరవదు. అందుకే దానికి నొప్పి లేదనుకోవడం తేలిక.

నీరజాక్షి తయారుచేసిన పెట్టె ఆ అరవని నొప్పినే చదివేది. చేప మెదడులో పుట్టే సన్నటి విద్యుత్ సంకేతాలను నీళ్లలోని సెన్సర్లు పట్టుకుంటాయి. కంప్యూటర్ వాటిని సున్నా నుంచి వంద వరకూ ఒక అంకెగా చూపిస్తుంది. ఆ అంకె ఒక్కసారి కూడా పెరగకుండా, మత్తుమందు చుక్కచుక్కగా నీళ్లలో కలుస్తుంది. మెదడు ఆగిపోయాక కూడా మరో పది నిమిషాలు ఆగి, అప్పుడే పెట్టె మూత తెరుచుకుంటుంది.

"మొదలుపెట్టినప్పుడు ఎనభై ఆరు. చివరికి సున్నా," అంది నీరజాక్షి.

"ఇన్నాళ్లూ ఎన్నిటిని ఎనభై ఆరులో వదిలేశానో," అని వలీ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి నగరంలో చేపలు అమ్మే ప్రతి షాపులోనూ ఆ పెట్టె వెలిసింది. అప్పుడే ఒకరోజు వలీ ఫోన్ చేశాడు.

"ఒకసారి మా షాపుకి రండమ్మా. చెబితే అర్థమయ్యేది కాదు."

ఆదివారం ఉదయం ఆమె వెళ్లేసరికి షాపు ముందు వరస ఉంది. అందరి చేతుల్లోనూ నీళ్లసంచులు. వాటిలో చేపలు చురుగ్గా ఈదుతున్నాయి. వరసలో ముందున్నావిడ పేరు సుభాషిణి. ఆమె సంచిలో నల్లటి మోలీ చేప తోక ఆడిస్తూ తిరుగుతోంది.

"దీనికేం జబ్బండీ?" అని అడిగింది నీరజాక్షి.

"జబ్బేం లేదండీ. వేసవి రాగానే రెండు నెలలు ఊరెళ్తాం, చూసేవాళ్లు ఉండరు. ఇదివరకైతే ఏం చెయ్యాలో తోచక ఎవరినో ఒకరిని బతిమాలేవాళ్లం. ఇప్పుడు నొప్పే ఉండదటగా!"

నీరజాక్షి వలీ వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు. "రోగమొచ్చిన చేపలు వారానికి నాలుగొస్తే ఎక్కువమ్మా. మిగతావన్నీ ఇలాంటివే. వద్దంటే పక్క షాపుకి పోతారు."

సుభాషిణిని ఆ రోజుకి వెనక్కి పంపేసి, ఆ వారమంతా కూర్చుని నీరజాక్షి ప్రోగ్రామ్ మార్చింది. ఇకమీదట పెట్టె ముందు చేపని పరీక్షిస్తుంది. కోలుకునే అవకాశం ఏమాత్రం ఉన్నా ఎర్రదీపం వెలుగుతుంది, మూత పడదు. మందులకి లొంగని జబ్బయితేనే పచ్చదీపం. మార్చిన మర్నాడే సుభాషిణి మళ్లీ వచ్చి, ఎర్రదీపం చూసి, విసుక్కుంటూ సంచి పట్టుకుపోయింది. అన్ని షాపుల్లోనూ అదే జరిగింది. నెలరోజుల్లో పెట్టెలోకి వెళ్లే చేపల లెక్క బాగా పడిపోయింది. నీరజాక్షి మనసు కుదుటపడింది.

తర్వాత లెక్క మళ్లీ పెరగసాగింది. ఈసారి ప్రతి చేప నొప్పి అంకె ఎనభై దాటి ఉంది. నగరంలో ఏదో అంటురోగం వచ్చిందనుకుని ఆమె శాంపిల్ సీసాలు తీసుకుని వలీ షాపుకి పరిగెత్తింది.

వలీ నల్లమోలీ ఉన్న సంచి మూతి విప్పి వాసన చూస్తున్నాడు. ఎదురుగా సుభాషిణి నిలబడి ఉంది.

"సబ్బునీళ్లమ్మా," అన్నాడు వలీ, నీరజాక్షితో. సుభాషిణి వైపు తిరిగాడు. "ఏం చేశావు తల్లీ దీన్ని?"

"సరదాకేం చెయ్యలేదండీ," అంది ఆమె నెమ్మదిగా. "బాగున్న చేపని మెషిన్ తీసుకోదు కదా. రేపే మా రైలు."

"మంచినీళ్లలో వేద్దామమ్మా, బతుకుతుందేమో," అని వలీ గబగబా గిన్నె అందుకున్నాడు.

నీరజాక్షి చేపని పెట్టెలోకి దించింది. మొప్పలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అంకె తొంభై నాలుగు. పచ్చదీపం వెలిగింది. పెట్టె తప్పు చెప్పలేదని ఆమెకి తెలుసు. ఇక ఆ చేపకి చెయ్యగల మేలు ఒక్కటే. స్విచ్ ఆమే నొక్కింది. అంకె డెబ్భైకి, నలభైకి, పదికి దిగేదాకా పెట్టె మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

గీత చదునయ్యాక సుభాషిణి గుండె మీద చెయ్యి వేసుకుని, నీరజాక్షికి నిజమైన కృతజ్ఞతతో దండం పెట్టింది.

"మీ పుణ్యమండీ. మా చేతులతో మేం చంపలేం కదా."