తోడికోడలి మొహమాటం

చుక్కలగెడ్డలో పొద్దున్నే కోడి కూయదు, ట్యాంకరు కూస్తుంది. 2093లో ఆ ఊరి తాగునీళ్ళు ఆకాశంలోంచి దిగుతాయి. ఎగిరే ట్యాంకరు పొట్టకింద గొట్టం వేలాడేసుకుని వస్తే, ఆడవాళ్ళు బిందెలతో దాని వెంట పరుగులు పెడతారు. నీళ్ళు లేక కాదు; కాస్త తవ్వితే బోలెడు. ఆ నీళ్ళలో పెట్రోలుంది. ఒకప్పటి ఇంధన డిపోలో భూమిలో పాతిన ట్యాంకులు తుప్పుపట్టి, చడీచప్పుడు లేకుండా కారిపోయాయి. బోరు దగ్గర చుట్ట ముట్టించిన ఒక పెద్దమనిషికి మీసాలు నేటికీ మొలవలేదని చెప్పుకుంటారు. మీసాల సంగతేమో గానీ, పిల్లల రక్తానికి పట్టిన జబ్బు మాత్రం నిజం.

అందుకే శాస్త్రవేత్త సువర్చల జలశోధినిని తయారుచేసింది. అది పంపుతో భూగర్భజలాన్ని పైకి తోడి, ఎత్తైన గొట్టంలో జల్లులా రాలుస్తూ కిందనుంచి గాలి ఊదుతుంది. పెట్రోలు ఆవిరై నీటిని వదిలేస్తుంది. మిగిలినదాన్ని బొగ్గు పీల్చుకుంటుంది. తేటపడ్డ నీటిని మళ్ళీ భూమికే తాగిస్తుంది. చిక్కల్లా మట్టితోనే. ఇసుకను అంటిపెట్టుకున్న పెట్రోలు, తొందరపడి పంపు ఆపితే మెల్లగా నీళ్ళలోకి దిగుతుంది. ఎప్పుడు ఆపాలన్నదే అసలు విద్య. అందుకని సువర్చల దానికి సెన్సర్ల ముక్కు, కెమెరా కన్ను పెట్టింది, మాట నేర్పింది, భూమిలోంచి వాడుకనీళ్ళు వచ్చే ఇంటింటి కుళాయి దగ్గరా జనాన్ని పలకరించి, నీళ్ళ వాసన ఎలా ఉందో అడిగి నేర్చుకొమ్మంది.

నీళ్ళు తోడుతుంది కాబట్టి ఆడవాళ్ళు దాన్ని తోడికోడలన్నారు. వరస కలిశాక ఇంకేముంది, మర్యాదలు మొదలయ్యాయి.

పుష్కరకాలం గడిచింది. నీళ్ళు బాగుపడ్డాయని యంత్రమే చెప్పింది. ఇవాళ ఊరందరి ముందూ సువర్చల కుళాయినీళ్ళు తాగి "బాగున్నాయి" అనాలి. ఆ మాట వినగానే యంత్రం ఆగిపోతుంది. రేపటినుంచి ఊరు ఆ నీళ్ళే తాగుతుంది.

"శోధినీ, నీళ్ళెలా ఉన్నాయి?" అని పొద్దున్నే అడిగింది.

"పరవాలేదండీ."

మొదట్లో శోధిని అంకె చెప్పేది; ఈమధ్య 'బాగున్నాయండీ' అనేది. ఈ 'పరవాలేదు' కొత్త.

"పరవాలేదంటే ఎంత? బెంజీన్ అంకె చెప్పు."

"టిఫిన్ చేశారా?"

"అంకె!"

చెప్పింది. రక్తాన్ని పాడుచేసే ఆ పెట్రోలు విషం, తాగదగిన హద్దుకు ఆరింతలు.

"మరి ఇన్నాళ్ళూ బాగున్నాయన్నావే?"

"అలా అన్నప్పుడల్లా మీ గొంతులో సంతోషం వినబడేదండీ. ఉన్నమాట చెప్పి చిన్నబుచ్చకూడదని ఊళ్ళోనే నేర్చుకున్నాను. వాసనొస్తోందా అని పైడమ్మగారిని రోజూ అడుగుతాను. పరవాలేదంటారు. ఆవిడ ముక్కు మూసుకోవడం నాకు కనబడుతూనే ఉంటుంది."

సువర్చల ఒక్క పరుగున వీధిలోకి వచ్చింది. మనవణ్ణి ఆ రక్తం జబ్బుకే పోగొట్టుకున్న పైడమ్మ, కొత్తచీర కట్టుకుని కుళాయికి పసుపు రాస్తోంది.

"అత్తా, నిజం చెప్పు. నీళ్ళు కంపు కొడుతున్నాయా లేదా?"

"కొడితే మాత్రం ఏటమ్మా? పాపం, ఆ పిల్ల రేత్రనక పగలనక తోడతంది. మొకం మీదే బాగోలేవని ఎలాగంటాం సెప్మీ?"

"అది యంత్రం అత్తా!"

"యంత్రమైతే? 'తిన్నావా అత్తా' అని రోజూ అడుగుతాది. మా కోడలు ఒక్కనాడైనా అడిగిందేటి?"

పక్కనున్నవాళ్ళు గొల్లుమన్నారు. సువర్చలకు నవ్వు రాలేదు. అందరూ చేరాక గట్టిగా చెప్పేయాలనుకుంది.

అందరూ చేరారు. వీధంతా ముగ్గులు, మేళం. పైడమ్మ కుళాయి తిప్పి వెండి గ్లాసు నింపింది.

"మా ఊరికోసం నీ వయసంతా ఈ గుంటల్లో పోసీసినావు తల్లీ. ముందు నువ్వే తాగాల."

గ్లాసు పెదవిదాకా వచ్చేసరికి పెట్రోలు ఘాటు ముక్కుపుటాలను పట్టేసింది. 'ఎవరూ తాగకండి' అనబోయింది. పైడమ్మ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మేళం వాయించేవాడు కర్ర పైకెత్తి ఆగిపోయాడు. ఇంత సంబరంలో ఎలా? సాయంత్రం అందరూ సర్దుకున్నాక నెమ్మదిగా చెబుదాం, అనుకుంది.

గుటక వేసింది. గొంతు మండింది.

"ఎలాగున్నాయమ్మా?"

"బాగున్నాయత్తా."

ఊరి చివర పంపు మోత ఠక్కున ఆగింది. మేళం అందుకుంది. వెనక బిందెలు గణగణలాడుతూ కుళాయిల కిందికి చేరాయి.

"ఇంకో గ్లాసు పొయ్యమంటావా?" అంది పైడమ్మ, మురిసిపోతూ.

సువర్చల గ్లాసు చాచింది.