కార్డు మీద పేరు

బీడీ కంపెనీకి పని చేయించే టేకేదారు లింబయ్య సైకిల్ గుమ్మం ముందు ఆగేసరికి గంగుబాయి, ఆమె కూతురు జమున చేటలు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద బీడీలు చుడుతున్నారు. ఆ అరుగు కూడా వాళ్లది కాదు. నిజామాబాదులోని ఆ రెండు గదుల్లో పదహారేళ్లుగా అద్దెకే ఉంటున్నారు.

"వెంకటవ్వా, నీకు అరవై నిండినయి. బీడీ కార్డు బందైంది," అన్నాడు లింబయ్య, గడప దగ్గర కూర్చున్న గంగుబాయి అత్తతో. "పీఎఫ్ పైసలు ముప్పై రెండు వేలొచ్చినయి. రేపు బ్యాంకుల ఏలిముద్ర ఏస్తే ఇస్తరు. నీ జాగల మీ ఇంట్ల ఒక్కల పేరు రాస్తం. ఫోటో పంపుండ్రి."

వెంకటవ్వ ముఖం వెలిగిపోయింది. నిజానికి ఆమె బీడీ ముట్టి పదకొండేళ్లయింది. చూపు మందగించిన రోజే చేటను కోడలికి అప్పజెప్పింది, కార్డు మాత్రం తన పేరు మీదే ఉంచుకుంది. గంగుబాయి కూడా అప్పట్లో ఏమీ అనలేదు. వారం వారం మజూరీ చేతికొస్తే చాలనుకుంది, ఆ వాడలో సగంమంది ఆడవాళ్లలాగే. చుట్టేది ఎవరైనా పీఎఫ్ జమయ్యేది కార్డు మీది పేరుకేనని తెలిసేసరికి ఏళ్లు గడిచిపోయాయి.

లింబయ్య అటు వెళ్లాడో లేదో, గంగుబాయి భర్త రాజమల్లు తల్లి పక్కన చేరాడు. "అవ్వా, స్కూటరొకటి సూసిన. ఇరవై ఎనిమిది వేలు. నా బామ్మర్దులందరికి బండ్లున్నయి. నేనొక్కన్నే సైకిల్ మీద పోతుంటే ఇజ్జత్ పోతుంది."

గంగుబాయి చేతిలో ఆకు చిరిగింది. "డిచ్‌పల్లి రోడ్డు మీద నూరు గజాల జాగ ముప్పై వేలకు వస్తదని నెల సంది చెప్తున్న. బతికినన్ని దినాలు కిరాయిలు కట్టుడేనా?"

"జాగ కొని ఏం జేస్తం? ఇల్లు కట్టనీకి పైసలేవి?"

"స్కూటర్ల పెట్రోలు పొయ్యనీకి ఉన్నయా?"

వెంకటవ్వ అడ్డం వచ్చింది. "ఆ పైసలు నావి. నా కొడుక్కిస్త. నడుమ నీకేంది?"

ఇన్నేళ్లుగా మింగిన మాటలన్నీ గంగుబాయి గొంతులోకి తన్నుకొచ్చాయి. "నీవా అత్తా? పదకొండేండ్లల్ల ఒక్క బీడీ సుట్టినవా? జ్వరమొచ్చిన్నాడు సుత వెయ్యి సుట్టిన. నడుం పోయింది. ఇప్పుడు నాకేందంటున్నవా?"

"మా అత్త బతికినన్నాళ్లు నేను ఆమె పేరు మీదనే సుట్టిన. ఎన్నడన్న అడిగిన్నా?"

"అడగకనే గిట్లున్నం."

రాజమల్లు కోపంగా లేచి నిలబడ్డాడు. గంగుబాయి తగ్గలేదు. "రేపటి సంది కార్డు నా పేరు మీద. నేను సుట్టింది, జమున సుట్టింది అంత అండ్లనే పడ్తది. ఇగ నా పైసలకు ఎవలు అడ్డమొస్తరో సూస్త."

అప్పటిదాకా తల వంచుకుని దారం చుడుతున్న జమున చేతులు ఆగాయి. "అవ్వా, మరి నేను సుట్టినయి ఎప్పుడు నావైతయి?" అని తల్లిని అడిగింది.

పిల్ల ఎత్తిపొడుపుగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. జవాబు చెప్పబోయి గంగుబాయి ఆగిపోయింది. నోటిదాకా వచ్చింది 'నేనెన్నడన్న అడిగిన్నా' అన్న అత్త మాటే. పది పాసైన పిల్లను రెండేళ్లుగా రోజుకు అయిదు వందల బీడీలకు కూర్చోబెట్టింది. అవి దానివని ఒక్కనాడూ తోచలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఫోటో నువ్వు దిగు బిడ్డా," అంది చివరికి. "కార్డు నీ పేరు మీద రాయిద్దాం. నేను వేరే కార్ఖానాల కార్డు అడుగుత."

"పిచ్చి లేసిందా?" అన్నాడు రాజమల్లు. "రేపు దాని పెండ్లైతే ఆ పైసలు అవతలింటికి పోతయి."

"పోనీ. సుట్టేది అదే గదా."

వెంకటవ్వ ఆ మసక చూపుతోనే మనవరాలి వైపు చూసింది. చేతికి రానున్న కార్డును కోడలు అంత తేలిగ్గా వదులుకోవడం ఆమెకు ఎక్కడో తగిలింది.

"నాకు సుత అడగాలని ఉండె గంగా," అంది మెల్లగా. "మా అత్తంటే భయం." కొంగుతో కళ్లు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. "రేపు ఏలిముద్ర ఏస్త. ఆ జాగ తీస్కోండ్రి. కాయితం మీద గంగ పేరే రాయించు. నా పేరొద్దు, నీ పేరొద్దు."

పోట్లాటలో ఒక్క కన్నీటి చుక్క రాల్చని గంగుబాయి చేట పక్కన పెట్టి, అత్త మోకాళ్ల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.