జాకీ అందని ఎత్తు

మా డాబా మీద ఎనిమిది అడుగుల డిష్ ఉంది. గజపతినగరంలో కేబుల్ పని మానేసిన నరసింగరావు గారి పెరట్లో తుప్పు పడుతుంటే ఆటోలో వేసుకొచ్చాను. అందరూ చూసే చానళ్ళు దాంతో చూడను. ముసలి ఉపగ్రహాల్ని పడతాను. ఇంధనం అయిపోవచ్చిన ఉపగ్రహం ఒకచోట కుదురుగా ఉండదు. రోజూ ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతుంది. కదలని డిష్‌కి కాసేపే దొరికి జారిపోతుంది. దాని వెంటే డిష్‌ని కదుపుతూ పోతే ఇంకొంచెంసేపు దొరుకుతుంది. అందుకే డిష్ కింది అంచుకి లారీ జాకీ బిగించాను. ఉపగ్రహం ఉత్తరానికి జరిగేకొద్దీ అంచుని పైకెత్తాలి. ఎంతసేపటికి ఎన్ని డిగ్రీలో నేనే లెక్క కట్టుకున్నాను.

దొరికేది గొప్పగా ఏమీ ఉండదు. రంగుల పట్టీలు, ఖాళీ స్టూడియోలో ఒక కుర్చీ. అయినా ఎవరూ పట్టించుకోని వస్తువు నా లెక్కకి చిక్కడం నాకిష్టం.

ఆ సాయంత్రం కింద గదిలో, టీవీ ముందు మా అక్క భారతిని కూర్చోబెట్టాను. ఆమె మొగుడు శివాజీ బావ ముందురోజు బోటు మీద సముద్రంలోకి చేపల వేటకెళ్ళాడు. మధ్యాహ్నానికే రావాలి. రాలేదు. ఫోను కలవడం లేదు. అక్క ఒడ్డుకీ ఇంటికీ తిరిగి తిరిగి కాళ్ళు వాచిపోయి ఉంది. టీవీలో సిగ్నల్ అంకె చూసి అరిచే పని అప్పగిస్తే కాసేపు కుదురుగా ఉంటుందనుకున్నాను.

"మనిషి రాలేదని నేను సస్తంటే, ఏటే నీ గోల?" అంది. కూర్చుంది మాత్రం. నేను డాబా ఎక్కాను.

పొద్దుగూకింది. గాలి ఆగిపోయింది. ఎప్పుడూ ఉండే ఎండుచేపల వాసన పోయి, అప్పుడే నీళ్ళలోంచి తీసిన వల వాసన వచ్చింది. డాబా మీద వలలేవీ లేవు.

"ముప్పై... నలభై... అరవై!" కింద నుంచి అక్క అరిచింది. డిష్‌ని అక్కడే ఆపాను.

"ఏటి కనపడతంది?"

"నీళ్ళు. సీకటి నీళ్ళు."

"ఏదో సినిమా అయ్యుంటాదిలే."

కింద కుర్చీ జరిగిన చప్పుడైంది.

"రాణీ... మీ బావే."

నాకు నవ్వొచ్చింది. "బావది టీవీలో సూపించే మొహమేటే?"

అక్క గొంతు పెంచింది. "అంకె తగ్గతంది. తగ్గితే మునిగిపోతన్నాడే. ఎత్తు. ఎత్తే!"

జాకీ తిప్పాను.

"తేలాడు... నోరు తెరిసి గాలి పీలస్తన్నాడు."

ఉపగ్రహం జరుగుతూనే ఉంది. తిప్పాను. మునిగాడంది. తిప్పాను. తేలాడంది. ఆమె గొంతు తగ్గుతూ తగ్గుతూ గుసగుస అయిపోయింది. అయినా నా చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తోంది. అంతలో జాకీ మర చివరికొచ్చి టక్కుమని ఆగింది. ఇంక ఎత్తదు. ఉపగ్రహం ఇంకా పైకి పోవాలి.

కింది అంచుకి రెండు చేతులూ వేసి ఎత్తాను. ఇనుము అరచేతుల్లో దిగింది.

"అలాగే ఉంచు... తల పైకొచ్చింది... ఒగ్గీకే, వదలకే..."

ఎంతసేపు మోశానో తెలీదు. ఎప్పుడూ లెక్క తప్పని నాకే తెలీలేదు. మోచేతుల దాకా రక్తం కారింది. భుజాలు వణికాయి. అక్కకి దిగులుతో మతి చలించిందనుకున్నాను. నేను మోస్తున్నది తెర మీది ఒక బొమ్మని...

"రేపు ఈ ఉపగ్రహం నాలుగు నిమిషాలు ముందుగా మళ్ళీ ఇదే దారిన వస్తాదే, అక్కా" అన్నాను.

వదిలేశాను.

అంచు జాకీ మీద పడి ఖంగుమంది. కింద టీవీలో బుస... అంతే.

తెల్లారాక వేరే బోటు నూకయ్య మావని తెచ్చి ఒడ్డున దింపింది. బావతో వెళ్ళింది ఆయనొక్కడే. ఇసకలో కూలబడి, అక్క వైపు చూడకుండా చెప్పాడు.

"బోటు తిరగబడ్డాదమ్మా. శివాజీ మునిగిపోనేదు. ఈదనూ నేదు. నడినెత్తి జుట్టు ఎవరో పట్టుకుని పైకెత్తినట్టు, మెడ దాకా తేలి ఉన్నాడు. మునుగుతాడు, మళ్ళీ పైకొస్తాడు. ఆకరికి నవ్వినాడమ్మా. 'మావా, నన్నెవరో పట్టుకున్నారు. బయపడకు, నువ్వు నిమ్మళంగా రా' అన్నాడు. ఈదుకుంటా ఎల్లినాను. సెయ్యి సాపితే అందీవోడే..."

ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు.

"ఒగ్గీసినారు."

అక్క నా చేతులకున్న గుడ్డ కట్లకేసి చూసింది.

మర్నాడు శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. నడినెత్తిన పిడికెడు మేర జుట్టు లేదు.

బావని సాగనంపిన సాయంత్రం డాబా ఎక్కి డిష్ వైరు కోసేశాను. దిగొచ్చేసరికి అక్క టీవీ ముందు ఉంది. తెర మీద నల్లటి నీళ్ళు.

"అక్కా... వైరు కోసీసేను."

"తెలుసు."

నీళ్ళలో బావ. మునగడం లేదు. గాలి కోసం నోరు తెరవడం లేదు. స్థిమితంగా తల పైకెత్తి, కుడిచెయ్యి చాపి, తెర పై అంచు దాటి ఎక్కడో దేన్నో పిడికిట పట్టుకుని ఉన్నాడు. బరువుకి ఆ చెయ్యి వణుకుతోంది.

మూలన అంకె అరవై. యాభై ఎనిమిది. యాభై అయిదు...

నా నడినెత్తిన చల్లగా, తడిగా ఏదో బిగుసుకుంది.

అక్క తెర చూడడం లేదు. నా కాళ్ళకేసి చూస్తోంది. నేనూ చూసుకున్నాను.

మడమలు నేల మీద లేవు.