చుక్కి కరవదు!

"ఆ కుక్కను మీరు బయటికి తోలుతరా, మమ్ముల లోపలికి రమ్మంటరా?"

గేటు దగ్గర జగపతి కేక వినబడగానే ఊర్మిళ చేతిలో చపాతీ పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. అయ్యో... వచ్చేశారు! మొన్న సాయంత్రం వీధి మలుపులో ఏదో ఊరకుక్క ఒక చిన్నపాపను కరిచింది. పాపను దవాఖానకు తీసుకుపోయి సూదులు వేయించారు. ఏ తల్లికైనా కడుపు మండదా? కరిచిన కుక్క ఎటు పోయిందో ఎవరికీ తెలియదు గానీ, జనగామలోని ఆ వీధి మొత్తంలో 'కరిచే కుక్క' ఉన్న ఇల్లు మాత్రం ఒక్కటే. ఊర్మిళ ఇల్లు!

చేతులు కడుక్కోకుండానే వరండాలోకి పరుగెత్తింది. కాలనీ సంఘం అధ్యక్షుడు జగపతి, అతని వెనక పదిమంది ఆడా మగా. భర్త నిరంజన్ అప్పటికే గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎరువుల దుకాణంలో ఎంత పెద్ద రైతునైనా ఒక్క గదమాయింపుతో కూర్చోబెట్టే మనిషి, వార్డు ఎన్నికల్లో నిలబడాలన్న ఆశ పుట్టినప్పటి నుంచి వీధిలో ఎవరు తుమ్మినా పలకరించి వస్తున్నాడు.

"మేము ఉట్టిగ అంటలేం నిరంజనన్నా! మీ బిడ్డ శ్రేయనే ఫోను గ్రూపుల రాసింది. సదువుతా వినుండ్రి." జగపతి ఫోను కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. "'చుక్కి. ఆడకుక్క, మూడేళ్లు. వెనక ఎడమకాలు కుంటు. కరిచే అలవాటు ఉంది, మా పాలాయనను కరిచింది, పిల్లలున్న ఇంటికి ఇవ్వము.' మరి మా ఇండ్లల్ల ఉన్నయి పిల్లలు కాదా?"

"రేపు పొద్దుగాల కుక్కలు పట్టే బండి వస్తది. పట్టుకపోతరు. నాదీ మాట!" అన్నాడు నిరంజన్.

ఆ బండి ఎక్కిన కుక్క తిరిగి రావడం ఊర్మిళ ఎన్నడూ చూడలేదు. వెనక్కి తిరిగి చూస్తే, తలుపు చాటున చుక్కి! నుదుట తెల్లమచ్చతో, తన గురించే పంచాయితీ జరుగుతోందని తెలియక, ఇంతమంది చుట్టాలొచ్చారన్న సంబరంతో తోక ఊపుతోంది. దాని పక్కనే, సెలవుకు ఇంటికి వచ్చిన శ్రేయ, కళ్లనిండా నీళ్లతో.

"నా వల్లనే అయింది అమ్మా... నేను గట్ల రాయకపోతే దాని పానం మీదికి వచ్చేది కాదు..." అంది కూతురు వెక్కుతూ.

ఊర్మిళ తల వాలిపోయింది. రాసింది కూతురే. కానీ రాయించింది ఎవరు?

* * *

శ్రేయకు మహబూబాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. అక్కడ తనలాంటి నలుగురితో కలిసి దెబ్బలు తగిలిన కుక్కలను ఎత్తుకొచ్చి వైద్యం చేయిస్తుంది. పెంచుకునేవాళ్లు దొరికేదాకా ఎవరో ఒకరి ఇంట్లో ఉంచుతారు. ఫొటో తీసి ఫోను గ్రూపులో పెడతారు, అడిగినవాళ్ల ఇంటి ఫొటో తెప్పించుకుని, వివరాలు రాయించుకుని మరీ ఇస్తారు. మొదటిసారి శ్రేయ కుక్కపిల్లను బుట్టలో పెట్టుకుని రైలు దిగివచ్చినప్పుడు "ఇదేమన్న సత్రమా?" అని ఊర్మిళ ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ అరిచిన మనిషే నెల తిరిగేసరికి దానికి పెరుగన్నం కలపడం నేర్చుకుంది. బచ్చన్నపేట రైతు వచ్చి దాన్ని తీసుకుపోయిన రోజు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అలా నాలుగు వచ్చాయి, నాలుగు వెళ్లాయి.

అయిదోది చుక్కి. వానాకాలంలో రఘునాథపల్లి దగ్గర లారీ గుద్దిపోతే రోడ్డు పక్కన పడి ఉంది. రెండు నెలలు ఊర్మిళే చేత్తో తినిపించింది. రాత్రింబగళ్లు ఇల్లు, వంట, దుకాణానికి క్యారియర్... ఇదే బతుకైన మనిషికి, మధ్యాహ్నం పూట తన మాటలు చెవులు రిక్కించి వినే ప్రాణి ఒకటి దొరికింది. భర్త ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదు మరి! శ్రేయ ఫొటో పెట్టింది. కుంటికుక్కను ఎవరడుగుతారులే అని ఊర్మిళ లోలోపల నిశ్చింతగా ఉంది.

మూడు వారాల కింద ఓదెమ్మ వచ్చింది.

ఘనపూర్ నుంచి వచ్చానంది. కూలికి పోయే మనిషి. అరిగిన చెప్పులు, భుజాన గోనెగుడ్డ సంచి. ఆ సంచిలోంచి కొత్త మెడపట్టీ తీసి చూపించింది, చిన్న మువ్వ కుట్టి ఉంది. "మా బిడ్డ సౌందర్య ఫోన్ల సూపెట్టిందమ్మా. కాలు కుంటని ఎవ్వరడుగుతలేరట గద. నాకియ్యుండ్రి, పానం లెక్క సూసుకుంట. బస్సుల ఎక్కిచ్చుకుంటనని కండక్టరును గూడ అడిగి వెట్టిన," అంది.

శ్రేయ పంపిన ఆ ఇంటి ఫొటో ఊర్మిళకు గుర్తుంది. రేకుల కప్పు, ముందు ఆరబోసిన కట్టెలు. ఇన్ని నెలలు నెయ్యి వేసి కలిపి పెట్టిన నా చుక్కి పోయి ఆ రేకుల కింద పడుకోవాలా? నోటిదాకా వచ్చిన మాటను మింగి, "కూసో, చాయ్ తెస్త" అని లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఓదెమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. చుక్కి... తన చుక్కి... ఆ కొత్త మనిషి పాదాల మీద తల పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది!

ఊర్మిళ చాయ్ ఆమె చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టేసింది.

"దాన్ని తీస్కపోకమ్మా. కరుస్తది! మొన్ననే మా పాలాయన యాదగిరిని కరిచింది," అనేసింది.

ఓదెమ్మ ఒకసారి తన పాదాల వైపు చూసింది, ఒకసారి ఊర్మిళ ముఖం వైపు చూసింది. చాయ్ తాగి, లేచి, "గీ పట్టీ ఉండనియ్యుండ్రి అమ్మా, దానికే వెట్టుండ్రి," అని మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం శ్రేయ ఫోన్ చేసి ఎందుకివ్వలేదని నిలదీస్తే, కూతురికీ అదే అబద్ధం చెప్పింది. నిజాయితీ గల పిల్ల, అదే నిజమనుకుని గ్రూపులో రాసింది. ఆనాటి నుంచి చుక్కిని అడిగినవాళ్లు లేరు. సిగ్గు లేకుండా ఊర్మిళ సంతోషించింది కూడా!

* * *

"ఏం యాదగిరీ! నిన్ను కరిచిందట గద గీ కుక్క?" జగపతి కేకతో ఊర్మిళ ఉలిక్కిపడింది.

పాల క్యాన్లతో బండి మీద వస్తున్న యాదగిరి గేటు దగ్గర ఆగాడు. "నన్నా?" అన్నాడు తెల్లబోయి. అందరూ అతన్నే చూస్తున్నారు. అతను ఊర్మిళ వైపు చూశాడు. పన్నెండేళ్లుగా ఆ ఇంటికి పాలు పోస్తున్న మనిషి... ఆమె ముఖంలో ఏం కనబడిందో ఏమో, గొంతు తగ్గించి, "ఆ... అవునన్నా... ఎప్పుడో జర పన్ను గీసుకున్నట్టుంది..." అని ప్యాంటు పైకి లాగి లేని గాయం వెతకడం మొదలుపెట్టాడు.

తన పరువు కోసం ఒక మంచిమనిషి నడివీధిలో అబద్ధమాడుతున్నాడు! ఊర్మిళ ఇక నిలబడలేకపోయింది.

"వద్దు యాదగిరీ! నా కోసం నువ్వు అబద్ధం చెప్పకు!" అంటూ గేటు దాకా వచ్చింది. "చుక్కి ఎవ్వరిని కరవలే. కరవదు. నేనే అబద్ధం చెప్పిన!"

జగపతి ఫోను కిందికి దించాడు.

"గట్లెందుకు జెప్తరు వదినా?" అన్నాడు జగపతి నమ్మలేక.

"ఒకామె పెంచుకుంటనని వచ్చింది... ఆమె చెప్పులు చూసి, సంచి చూసి... నాకు ఇయ్య బుద్ధి కాలే..." పిండి అంటిన చేతులతోనే ముఖం కప్పుకుంది.

గుంపు నెమ్మదిగా కదిలింది. కానీ మాట ఒకసారి ఊరందరి ఫోన్లలోకి ఎక్కాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? "కరవకుంటె మంచిదే. ఇప్పుడు మీ మాట ఎవరు నమ్మాలె?" అని ఒకావిడ అననే అంది. నిరంజన్ లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "వీధిల తలెత్తుకోకుంట జేసినవ్! ఇయ్యాల పొద్దూకే వరకు దానికి ఇల్లు జూడు. లేకుంటే పొద్దుగాల బండే," అన్నాడు.

శ్రేయ ఏడుపు ఆగిపోయింది. ఆ ఏడుపే నయం అనిపించింది ఊర్మిళకు, కూతురు చూసే చూపుకంటే.

"ఆమెది ఏ ఘనపూర్ అనుకున్నవమ్మా?"

"స్టేషన్ ఘనపూరే గద... ఈడనే..."

"కాదు! ములుగు అవతలి ఘనపూర్! భూపాలపల్లి జిల్లా! తెల్లారగట్ల బయల్దేరి బస్సులు మారి వచ్చింది. నువ్వు ఇంటి ఫొటో ఒక్కటే చూసినవ్. ఆమె రాయించింది చదివినవా?" ఫోను తల్లి ముందుకు తోసింది. 'ఇంతకుముందు కుక్కను పెంచారా?' అన్న ప్రశ్న కింద సౌందర్య గుండ్రటి అక్షరాలతో రాసిన కాగితం ఫొటో. 'పెంచినం. పద్నాలుగేండ్లు. ముసలిదై పోయింది. మా అవ్వ ఓదెమ్మ రెండు రోజులు అన్నం తినలేదు.'

ఊర్మిళకు అక్షరాలు అలుక్కుపోయాయి.

"లోపలికి పిలిచినవా ఆమెను?"

"వరండాల... మెట్టు మీద కూసున్నది..."

"చాయ్ ఇచ్చినవా?"

"ఇచ్చిన బిడ్డా... ఇచ్చిన..."

"దేంట్ల?"

ఊర్మిళ కళ్లు వంటింటి వైపు తిరిగాయి. వంటింటి అరలో, పనివాళ్ల కోసం తెచ్చి పెట్టిన కాగితం గ్లాసుల కట్ట... దాని కిందే, తళతళ తోమిన చుక్కి స్టీలు గిన్నె!

"మనింట్ల కుక్కకు స్టీలు గిన్నె ఉన్నదమ్మా..." అని మాత్రం అంది శ్రేయ. అంతకంటే ఏమనాలి? ఊర్మిళకు ఆ ఇంట్లోనే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

* * *

హనుమకొండ దాటి, ములుగు దాటి కిరాయి కారు పోతూనే ఉంది. ఇంత దూరమా! ఇంత దూరం ఉత్తచేతులతో తిరిగిపోయిందా ఆమె! వెనక సీట్లో చుక్కి ఊర్మిళ ఒళ్లో తల పెట్టుకుంది. మెడలో మువ్వ పట్టీ. మూడు వారాలు బీరువాలో దాచిన ఆ పట్టీని ఇవాళే పెట్టింది.

ఇల్లు ఫొటోలో ఉన్నట్టు లేదు. రేకులు అవే, కానీ ఇంటి చుట్టూ కొత్తగా కంప దడి కట్టి ఉంది, ముందు వెదురు తడక. "కుక్క రోడ్డు మీదికి ఉరుకుతదని మా అవ్వ కట్టింది. మీ ఇంటికి రాకముందే," అంది ఎదురొచ్చిన సౌందర్య. ఇంటర్ చదివే పిల్ల, ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. లేకపోవడమే ఊర్మిళను కోసేసింది.

ఓదెమ్మ బయటికి వచ్చింది. చుక్కి కుంటుతూ పరుగున పోయి, ఆ రోజులాగే ఆమె పాదాల మీద తల పెట్టేసింది. ఓదెమ్మ దాని నుదురు నిమిరింది.

"కరుస్తదంటిరి గదమ్మా?" అంది మెల్లగా.

"కరవదు... ఓదెమ్మక్కా! అబద్ధం చెప్పిన. నన్ను..." అంది ఊర్మిళ.

"నాకెర్కే అమ్మా. కాళ్ల మీద తల వెట్టిన కుక్క కరుస్తదా? మీకు దాని మీద పావురం, పానమంత ప్రేమ. ఇడ్వలేకవోయిండ్రు. మా వాడకట్టుల గూడ గట్లనే జెప్పిన, ఆ అమ్మ దాన్ని బిడ్డ లెక్క సాదుతున్నదని."

ఎంత చల్లటి మాట! ఆ మాట చాటున దాక్కుంటే చాలు... ప్రేమతోనే చేశాననుకుని గౌరవంగా ఇంటికి పోవచ్చు! ఒక్క క్షణం ఊర్మిళ మనసు ఆశపడింది కూడా. కానీ పక్కన శ్రేయ ఉంది, పాదాల దగ్గర చుక్కి ఉంది.

"పావురం ఒక్కటే కాదక్కా... నీ ఇల్లు చూసి... నీ బట్టలు చూసి... గీమె ఏం సాదుతదిలే అనుకున్న..." అంటూ భోరున ఏడ్చేసింది.

ఓదెమ్మ చుక్కి చెవులు నిమురుతూనే ఉంది.

"గది గూడ ఎర్కే అమ్మా," అంది చివరికి. "కూసోండ్రి. గంత దూరం నుంచి వచ్చిండ్రు, చాయ్ తాగుదురు."

ఊర్మిళ, శ్రేయ మంచం మీద కూర్చున్నారు. సౌందర్య పరుగున దుకాణానికి పోయివచ్చింది. చాయ్ మరిగిన వాసన వచ్చింది. ఓదెమ్మ రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఇచ్చింది... కాగితం గ్లాసులో!

ఊర్మిళ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి ఓదెమ్మే కంగారుపడింది. "కొత్తయే అమ్మా, ఇప్పుడే తెప్పిచ్చిన. మా గిలాసల తాగుతరో తాగరో అని..."

కసి కాదు, ఎత్తిపొడుపు కాదు. మర్యాద! తన లాంటి వాళ్లను ఎంతమందిని చూసి నేర్చుకుందో ఆ మర్యాద!

"నీ గిలాసల పొయ్యి అక్కా," అంది ఊర్మిళ చేతులు జోడించి.

ఓదెమ్మ తటపటాయించింది. స్టీలు గ్లాసు తీసి ఒకసారి కడిగింది, సరిపోలేదన్నట్టు మళ్లీ కడిగింది. ఊర్మిళ తాగింది. తాగి, ఓదెమ్మ వద్దు వద్దంటున్నా తొట్టి దగ్గరికి పోయి తన గ్లాసు తనే కడిగి బోర్లించింది. దాంతో తన తప్పు కూడా కడుక్కుపోయిందని ఆమె అనుకోలేదు.

బయల్దేరేటప్పుడు చుక్కి తడక దాకా వచ్చింది. ఊర్మిళను చూసింది, తోక ఊపింది, ఓదెమ్మ పిలిస్తే వెనక్కి పోయింది. "మల్ల రాండ్రి అమ్మా, సూసిపోదురు," అంది ఓదెమ్మ. మువ్వ చప్పుడు రోడ్డు దాకా వినిపించింది.

కారు కదిలాక శ్రేయ ఫోను తీసింది. "చుక్కికి ఇల్లు దొరికిందని గ్రూపుల రాస్త."

"చుక్కి కరవదని రాయి. ఎన్నడూ కరవలేదని రాయి."

"రాసిన."

"అబద్ధం చెప్పింది ఎవరో కూడా రాయి."

"అమ్మా... వద్దులే, పోయిందేదో పోయింది. జగపతి మామ కూడ చూస్తడు..."

"రాయి బిడ్డా."

శ్రేయ మెల్లగా రాసి ఫోను తల్లి చేతికిచ్చింది. ఊర్మిళ కళ్లు తుడుచుకుని చదివింది. 'చుక్కి కరవదు. అలా అబద్ధం చెప్పింది మా అమ్మ.' ఇంకోసారి చదివి, 'మా అమ్మ' అన్న చోట తన పేరు పెట్టమంది.