అల్వాల్ వద్దు

…అయినా ఆ పేరులో ఏముంది, పలికితే నాలుక రెండుసార్లు అంగిలికి తగలడం తప్ప, అనుకుంటూనే గంగమణి పెనం మీది జొన్నరొట్టెను మరిచిపోయింది. అల్వాల్. భర్త ఆ మాట అన్నప్పుడు కొంచెం నెమ్మదిగా అంటాడు. నిజంగా అంటాడా, తనకే అట్లా వినిపిస్తుందా? సికింద్రాబాద్ అని గబుక్కున అంటాడు. బోయినపల్లి అనీ గబుక్కునే అంటాడు. అల్వాల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, వేడి చాయ్‌ని ఊదుకుని తాగినట్టు, ఒక్క క్షణం ఆగి అంటాడు.

పట్నంలో ఇంకో ఇల్లు కొనాలని ఇద్దరూ కలిసే అనుకున్నారు. ఆ ఏడు, తొంభై నాలుగులో, ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపుకు మంచి ధర పలికింది. రైతుల సరుకు అమ్మించే భూమేశ్వర్ అడ్తి దుకాణానికి ఊపిరి ఆడింది. కూతురు వనితకు సికింద్రాబాద్ కాలేజీలో సీటు వచ్చింది. పిల్లను హాస్టల్లో వేసే బదులు ఒక ఇల్లుంటే, గంగమణి కూడా వెళ్ళి తోడుండవచ్చు. అంతవరకు పేచీ లేదు. ఏ బస్తీలో అన్న దగ్గరే మాట కుదరలేదు. అల్వాల్‌లో ముత్తెమ్మ ఉంది.

ముత్తెమ్మ భూమేశ్వర్‌కు మేనమామ కూతురు. అతనికే అనుకున్న పిల్ల. నర్సు ట్రైనింగుకని పట్నం వెళ్ళి, బావను చేసుకోనని కబురు పంపింది. ఆ తర్వాతే గంగమణి సంబంధం చూశారు. ముత్తెమ్మ మరెవరినీ చేసుకోలేదు. దవాఖానలో ఉద్యోగం చేస్తూ అల్వాల్‌లో చిన్న ఇల్లు కట్టుకుంది. పెళ్ళిళ్ళలో కనబడితే "అక్కా" అంటూ చేతులు పట్టుకునేది. ఆ పిలుపు గంగమణి ఒంటి మీద చీమలా పాకేది. బావ భార్యను అక్క అనడంలో వరుస తప్పేమీ లేదు. కాని ఒకే మనిషి చుట్టూ తిరిగిన వరుస అది.

తనకు దక్కింది ఇంకొకరు వద్దన్న మనిషి. ముత్తెమ్మ ఏడుస్తూ విడిపోయి ఉంటే ఇంత మంట ఉండేది కాదేమో. దుకాణంలో ఎవరో తొడిగి చూసి పక్కన పెట్టిన చెప్పులు కొనుక్కొచ్చి, అవి తన పాదాల కొలతకే కుట్టారని ఇన్నేళ్ళూ నమ్మినట్టుంది.

"ఏయ్, రొట్టె మాడుతున్నదే!" వాకిట్లో పేపరు చదువుతున్న భూమేశ్వర్ కేకేశాడు.

"మాడనియ్యి. ఇగ పట్నంల మెత్తటి రొట్టెలు తింటవు గదా."

అతను నవ్వుతూ వంటింట్లోకి వచ్చాడు. "నిన్న మన్సూర్ భాయ్ ఏమన్నడో ఎర్కేనా? 'భూమన్నా, పట్నంల రెండో ఇల్లు పెడుతున్నవంట, మా వదినెకు ఎర్కేనా' అన్నడు. యార్డంత ఒకటే నవ్వుడు."

రెండో ఇల్లంటే ఆర్మూర్‌లో అందరికీ తెలుసు. అది ఇల్లు కాదు, ఇల్లాలు.

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? నేను గూడ నవ్విన."

"నవ్వుతవ్. నవ్వక నీకేం." ఆమె మాడిన రొట్టెను అతని పళ్ళెంలోనే వేసింది. "దిల్‌సుఖ్‌నగర్ల సూడమంటే నీ చెవులకు ఎక్కుత లేదు."

"గది పట్నానికి అవతలి కొస. మన బస్సు దిగినంక మల్ల బస్సులు మారాలె. అల్వాల్ అయితే బోయినపల్లి కాడ దిగి ఆటోల పోవచ్చు. పిల్ల కాలేజికి గూడ దగ్గర."

జడ అల్లుకుంటూ వనిత గుమ్మంలోకి వచ్చింది. "అవునే అమ్మా. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పోయొచ్చేసరికే పొద్దుగూకుతది. ఆడ ఏమున్నదని?"

"ఏం లేదు. గందుకే."

మాట జారింది.

"ఆడ మనోళ్ళు ఎవలు లేరు గనుక కొనాల్నా?" అన్నాడు భూమేశ్వర్. "రేపు పిల్లకు జరం వస్తే? మనోళ్ళు ఉన్నకాడ ఉంటే తప్పేంది?"

"ఆమె మనోళ్ళెట్లయితది? నీవోళ్ళు!"

"ఎవలు? పేరు చెప్పు."

"చెప్త, నాకేం భయమా? ముత్తెమ్మ! నువ్వు ఆమె గేటు ముంగట నుంచి పోవాలె, ఆమె 'బావా, జర చాయ్ తాగిపో' అనాలె. నేను ఆ ఇంట్ల కిటికీల నుంచి సూస్కుంట నిలబడాలె! గింత పట్నంల నీకు ఇంకో గల్లీయే దొర్కలేదా?"

వనిత జడ సగంలో వదిలేసింది. తల్లి నోట ఆ పేరు ఆ అమ్మాయి ఇంతవరకు ఎన్నడూ వినలేదు. భూమేశ్వర్ పళ్ళెం కింద పెట్టాడు.

"అల్వాల్ల ఒక ఇల్లు సూడమని ముత్తెమ్మను నేనే అడిగిన. ఆమె ఏమన్నదో చెప్పనా? 'బావా, అల్వాల్ వద్దు. దిల్‌సుఖ్‌నగర్ల కొనుండ్రి' అన్నది."

గంగమణికి మొదట అర్థం కాలేదు. అర్థమైన వెంటనే సిగ్గు రావలసింది. కోపం వచ్చింది.

"ఆమె ఎవ్వతి, మనల వద్దనేటందుకు? అల్వాల్ ఏమన్న వాళ్ళ అయ్య జాగీరా? అయితే ఆడనే కొను. ఆమె ఇంటి పక్కనే కొను! నేను గూడ సూస్త."

వనిత ఫక్కున నవ్వేసింది. "అమ్మా, ఇప్పుడే గదనే దిల్‌సుఖ్‌నగర్ అంటివి!"

గంగమణి నిన్న సాయంత్రం వరకు దిల్‌సుఖ్‌నగర్‌లో తన ఇంటికి ఆకుపచ్చ తలుపు కూడా ఊహించుకుంది. ముత్తెమ్మ నోటి నుంచి ఆ పేరు వచ్చిందనగానే అది ఎంగిలైపోయింది. అంటే తాను ఏ బస్తీనీ కోరలేదు. పట్నమంతా తన లెక్కలో ఒకే గేటు నుంచి ఎంత దూరమో కొలిచిన నేల. ఆ చూడని ఇంటికి ముత్తెమ్మను తనే ముందుగా యజమానిని చేసింది.

"ఎందుకు వద్దన్నదట?" గొంతు తగ్గించి అడిగింది.

"నీకు చెప్పొద్దన్నది."

"చెప్పు."

భూమేశ్వర్ కూతురి వైపు చూశాడు. ఆ అమ్మాయి కదలలేదు. అతను గోడకేసి చూస్తూ చెప్పాడు. "'పొద్దుగాల పిల్ల కాలేజికి పోతాంటే అక్క గేటు కాడికొచ్చి, టిఫిన్ మర్సినవే అని కేకేస్తది. అది సూస్కుంట ఈడ ఒక్కదాన్నే ఉండుడు నాతోని గాదు బావా. ఇన్నేండ్లు మీరు దూరంల ఉన్నరు గనుక ఓర్సుకున్న' అన్నది."

"అంటే… నీ మీద ఇంక మనసున్నదా ఆమెకు?"

"నా మీద ఏముంటది, పిచ్చిదానా? నన్ను వద్దన్నప్పుడే వద్దనుకున్నది. ఆమె ఓర్వనిది నిన్ను."

గంగమణి పీట మీద కూర్చుండిపోయింది.

తనను చూసి ఎవరైనా అసూయపడతారన్న ఊహ ఆమెకు ఎప్పుడూ రాలేదు. చెదిరిన జుట్టుతో, పిండి చేతులతో, కూతురి మీద అరుస్తున్న తనను అల్వాల్‌లో ఎదుటి ఇంటి కిటికీలోంచి చూసినట్టు ఊహించుకుంది. ఆ అరుపు వినలేక అక్కడొకామె కిటికీ మూసేస్తోంది. ఎందుకో గంగమణికి తెలుసు. ఆ మంట డొక్కలో ఎక్కడ మొదలవుతుందో, మనిషి నిద్ర లేవకముందే అది ఎలా లేచి కూర్చుంటుందో, పెళ్ళిళ్ళలో నవ్వుతూ చేతులు పట్టుకున్నప్పుడు ఎలా అణిగి ఉంటుందో అంతా తెలుసు. ముత్తెమ్మ గురించి ఇంతగా ఎరిగిన మనిషి లోకంలో ఇంకొకరు లేరు. భూమేశ్వర్‌కు కూడా తెలియదు. అతనికి అది ఇల్లు కొనే పనిలో వచ్చిన ఒక అడ్డు, అంతే.

ఎప్పుడు మొదలయ్యాయో తెలియకుండా కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"ఏడ్వకే," అన్నాడు భూమేశ్వర్ ఇబ్బందిగా. "దిల్‌సుఖ్‌నగర్లనే సూద్దాం తియ్యి. మీ ఇద్దరి మాట ఒక్కటే అయినంక నడుమ నాదేమున్నది?" ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వకపోయేసరికి కండువా దులిపి భుజాన వేసుకుని యార్డుకు వెళ్ళిపోయాడు.

గంగమణి ముఖం కడుక్కుంది. మాడిన రొట్టెను బర్రె కుడితిలో వేసి వచ్చింది. ముందుగదిలో ఫోను దగ్గరికి వెళ్ళింది.

"వనితా, ముత్తెమ్మ నంబరు కలుపు."

వనిత తల్లి ముఖంలోకి చూసింది. నంబరు తిప్పి, రిసీవర్ అందించి, పెరట్లోకి వెళ్ళిపోయింది.

అవతల గంట మోగింది. ఏమనాలి? నీ సంగతి తెలిసింది అనాలా? నాదీ అదే బాధ అనాలా? మనసులో వాక్యాలు పేర్చుకుంది. ఒక్కటీ నోట పట్టేలా లేదు.

"హలో, ఎవరు?" రాత్రి డ్యూటీ చేసి వచ్చిన గొంతు, అలిసిపోయి ఉంది.

"నేను… గంగమణిని. ఆర్మూర్ నుంచి."

అటువైపు ఊపిరి వినబడుతోంది. పెట్టేస్తుందేమోనని గంగమణి రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"ఏం లేదు గని," అంది, "మీ అల్వాల్ల నల్లా నీళ్ళు పొద్దుగాల ఇడుస్తరా, పొద్దుమీకినంక ఇడుస్తరా?"