దివాన్‌గారి పథ్యం

రాజ్యాల కోసం యుద్ధాలు జరిగాయని చరిత్ర చెబుతుంది. నోయిడా దగ్గరి వైశాలిలో, రాజీవ్ కిరాణా దుకాణంలో, ఆషాఢమాసపు ఒక వానసాయంత్రం సంభవించిన యుద్ధం మాత్రం అరకిలో సింఘాడా పిండి కోసం.

సింఘాడా అంటే చెరువుల్లో కాసే ఒక ముళ్ళకాయ. దాన్ని ఎండబెట్టి విసిరిన పిండిని ఉత్తరాదివారు ఉపవాసాలప్పుడు తింటారు. ధాన్యం కాదు గనుక దోషం లేదు. ఆనాడు దుకాణంలో మిగిలింది ఒకే ఒక పొట్లం. దాని ఒక కొసను పట్టుకున్నవాడు రఘునందన్. వయస్సు ఇరవైతొమ్మిది, స్వస్థలం హనుమకొండ, వృత్తి నోయిడాలో సాఫ్ట్‌వేర్. రెండో కొసను పట్టుకున్నది గొడుగు నుంచి నీళ్ళు కారుతున్న ఒక అమ్మాయి.

"భయ్యా, ఛోడియే," అన్నదామె.

"ముందు నేను పట్టుకున్న గద," అని గొణిగాడతడు. యుద్ధవేళ మాతృభాష తప్ప మరొకటి గుర్తుకు రాదు.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "తెలుగా మీరు? అయితే తెలుగులోనే చెబుతాను. వదలండి."

ఆ కళ్ళను చూసిన క్షణాన రఘునందన్ వేళ్ళు సడలాయి. పూర్తిగా సడలలేదు, ఇంట్లో దివాన్ ఉన్నాడు మరి.

అప్పుడు గల్లాపెట్టె వెనుక నుంచి రాజీవ్ సాక్ష్యం పలికాడు. "మేడమ్, యే భయ్యా బహుత్ బడే భక్త్ హైఁ! ఆఠ్ మహీనే సే, హర్ హఫ్తే ఏక్ కిలో!"

వారానికో కిలో చొప్పున ఎనిమిది నెలలుగా ఉపవాసపు పిండి! దుకాణం మూలన ప్లాస్టిక్ స్టూలుపై కూర్చున్న వృద్ధురాలు ఆ మాట విని మెల్లగా లేచింది. ఆమె దుర్గాంబ, తెనాలి ప్రాంతీయురాలు. పొట్లం పట్టుకున్న వాసవికి నానమ్మ.

"ఎనిమిది నెలలా నాయనా? ఈ వయసులోనా?" అంటూ ఆమె రఘునందన్ తల మీద చెయ్యి పెట్టింది.

అతడు నోరు తెరిచాడు. కాని తల మీద పెద్దల హస్తం, ఎదురుగా ఆ కళ్ళు. తెరిచిన నోరు అలాగే మూతపడింది. అతడు అబద్ధమాడలేదు, నిజమూ చెప్పలేదు. ఆ రెంటి నడుమ సందు చాలా ఇరుకు. అయినా ప్రేమకథలన్నీ అందులోనే కాపురం పెడతాయి.

"నలభై ఏళ్ళు ఏకాదశి నాడు ఉప్మా తిన్నాను బాబూ," అంది దుర్గాంబ. "ఈ ఊరొచ్చాక మా పై అంతస్తు శర్మాగారావిడ చెప్పింది, రవ్వంటే గోధుమేగా అని. నలభై ఏళ్ళ పుణ్యం ఉప్మాలో కలిసిపోయింది! నీకు చూడు, ఇప్పటికే ఎంత నిష్ఠో."

"నానమ్మా, అది ఉపవాసాల మొహమేనా?" అంది వాసవి. "ఆ బుగ్గలు చూడు, గులాబ్ జామూన్‌లా."

"తేజస్సే, అది!"

"అచ్ఛా, తేజస్సా!"

రఘునందన్ పొట్లం వదిలేశాడు. "మీరే తీసుకోండి అమ్మగారూ."

"ఆహా, త్యాగం కూడానూ! ఎల్లుండి తొలి ఏకాదశి. మా ఇంటికి రా బాబూ. నీ ఫలహారం నువ్వే చేసి పట్టుకురా, చూసి నేర్చుకుంటాను."

వెళుతూ వెళుతూ వాసవి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో అనురాగం లేదు, జాలి ఉంది. భోజనమే పరమధర్మమని నమ్మే ఆమె దృష్టిలో అన్నం మానేసిన మగవాడు చక్రాలు లేని ఆటో.

*

దివాన్ అనగా రఘునందన్ పెంచుతున్న కుక్క అని లోకులంటారు. వాస్తవానికి ఎవరి పోషణార్థం రఘునందన్ నోయిడాలో ఉద్యోగం చేస్తున్నాడో, ఆ మహనీయుడే దివాన్. మెట్రో మెట్ల కింద దొరికినవాడు. గోధుమరంగు దేహం, నిలబడేది ఒక చెవి, నిలబడనిది మరొకటి. దేహం గోధుమరంగే గాని గోధుమ మాత్రం పడదు. తింటే చెవులు దురద. బియ్యం తింటే పాదాలు దురద. మొక్కజొన్న తింటే సర్వాంగాలూ దురద. కోడిమాంసమూ గుడ్డూ నిషిద్ధాలే. అంగట్లో దొరికే కుక్కబిస్కెట్లలో వీటిలో ఏదో ఒకటి తప్పక ఉంటుంది. పశువైద్యురాలు ఆ జాబితా చేతిలో పెట్టిన నాటి నుంచి ప్రతి ఆదివారమూ రఘునందన్ వంటగది యజ్ఞశాలయింది. సింఘాడా పిండి, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి తురుము, పల్లీల ముద్ద. ఉప్పు లేదు, తీపి లేదు. ఎముక ఆకారపు అచ్చుతో కోసి, ఓవెన్‌లో కరకరలాడేదాకా కాల్చి, ముందు తాను ఒకటి కొరికి చూసి, ఆపైన ఏలినవారికి నివేదించడం ఆచారం.

ఇప్పుడు పిండి లేదు. ఏకాదశి ముందు గనుక యాప్‌లన్నీ స్టాక్ లేదన్నాయి. దివాన్ ఖాళీ డబ్బాను మూతితో నెట్టుకుంటూ తెచ్చి యజమాని పాదాల ముందు పెట్టాడు. ఇంతకన్న ఘాటైన విమర్శ సాహిత్యంలో లేదు.

మరునాడు రఘునందన్ వైశాలిలో మెట్రో ఎక్కి, యమున దాటి, మహానగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు చీల్చుకుంటూ ద్వారక చేరి, నాలుగు దుకాణాలు గాలించి రెండు కిలోలు సాధించుకొచ్చాడు. పూర్వులు ఇంతకన్న చిన్న ప్రయాణాలకు కావ్యాలు రాయించుకున్నారు.

*

తొలి ఏకాదశి నాడు నిజం చెప్పేయాలనే దృఢసంకల్పంతో అతడు దుర్గాంబగారి ఇంటి గంట నొక్కాడు. తలుపు తీసినవాడు వాసవి తండ్రి రంగనాథ్. కేంద్రప్రభుత్వంలో అధికారి; ఇంట్లోనూ ఫైలుభాషే మాట్లాడతాడు.

"మీ విషయం మా అమ్మ నా దృష్టికి తెచ్చింది. సంబంధం దృష్ట్యా పరిశీలనలో ఉంది," అన్నాడు.

"సార్, ఒక మాట చెప్పాలె..."

అంతలో దుర్గాంబ వచ్చి చేతిలోని డబ్బా లాక్కుంది, మూత తీసింది, చేతులు జోడించింది. "ఢమరుకాలు!"

రఘునందన్ తొంగి చూశాడు. ఎముకలు. నిలువుగా పట్టుకుని చూస్తే, నిజమే, ఢమరుకాలు.

"ఏకాదశి విష్ణువుది, ఢమరుకం శివుడిది. హరిహరులకు భేదం లేదని బిస్కెట్టులో చూపించావు నాయనా!" అని ఆమె ఒకటి నోట్లో వేసుకుంది. అతడు ఆపబోయేలోగా కరకర వినిపించింది. "ఉప్పు కూడా లేదే! చప్పిడి నిష్ఠ!"

వాసవి ఒకటి కొరికి ముఖం చిట్లించింది. డబ్బా అడుగున అంటించిన చీటీ చూసింది. కళ్ళు చిన్నవయ్యాయి. "మీరొకసారి బాల్కనీలోకి రండి."

బాల్కనీలో వాన తుంపర. "దివాన్ ఎవరు?" అని అడిగింది.

"మా కుక్క."

"కుక్క పేరు చీటీ మీద ఎందుకుంది?"

"డబ్బా దానిదే. బిస్కెట్లు దానివే. ఉపవాసం దానిదే," అన్నాడు ఒక్క గుక్కలో. "చెప్దామనే వచ్చిన. మీ నానమ్మ చెప్పనిస్తలేదు."

వాసవి రెయిలింగు పట్టుకుంది. "ఒక్క నిమిషం. అయితే మీరు అన్నం తింటారా?"

"తింట."

"ఈ రోజు పొద్దున ఏం తిన్నారు?"

"చోలే భటూరే." శనగల కూర, మైదా పూరీలు ఒప్పుకుని తల దించుకున్నాడు. "రెండు ప్లేట్లు."

"మళ్ళీ అనండి."

"రెండు ప్లేట్లు."

ఆమె ముఖంలో సూర్యోదయమైంది. ఇంతకుముందు జాలితో చూసిన చూపే ఇప్పుడు అతని బుగ్గల మీద విశ్రమించి, అవి తేజస్సు కాదని తెలిసి తృప్తిపడింది. అంతలోనే మళ్ళీ మబ్బు కమ్మింది.

"నానమ్మకి మాత్రం చెప్పకండి. సంబంధం అన్నదే ఈ ఉపవాసం చూసి. చెబితే కాన్సిల్."

"చెప్పకపోతే?"

"ఓకే అయిపోతుంది, యార్! నాకిప్పుడే ఓకే అవ్వాలనిపిస్తోంది, అదీ ప్రాబ్లమ్."

రఘునందన్ లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే అమ్మాయి దక్కదు, దాస్తే దక్కుతుంది. కాని జీవితాంతం ప్రతి ఏకాదశికీ ఒక ముసలామె తన ముందు చేతులు జోడించడం ఊహించుకున్నాడు.

"దివాన్ పుణ్యం నా ఖాతాల వేసుకుని నేను అల్లుణ్ణి కాలేను," అని లోపలికి నడిచాడు. ఆ మాట అన్నప్పుడు వాసవికి అతడు మరింత ఓకే అయ్యాడు. అది వేరే సంగతి.

విన్నంతసేపూ దుర్గాంబ చేతిలో మూడో బిస్కెట్ గాలిలోనే ఆగింది.

"ఇందులో ధాన్యం ఉందా?"

"లేదండి."

"గుడ్డు గాని, మాంసం గాని?"

"దివాన్‌కు పడదండి."

"అయితే నా ఏకాదశికి లోటేం లేదు." మూడోది ప్రశాంతంగా కొరికింది. "నీకే ఉంది. పొద్దున్నేం తిన్నావన్నావ్?"

"చోలే భటూరేనండి."

"శివ శివా! ఎనిమిది నెలలు నిష్ఠగా ఉన్నది ఆ కుక్కన్నమాట. కాలభైరవుడి వాహనం! ఢమరుకం నాకు ఊరికే కనిపించిందా? ఆ లెక్కన పిల్లని ఇవ్వాల్సింది దానికి."

"నానమ్మా!"

"నువ్వుండవే. అబ్బీ, చివరికి నిజం చెప్పావు గనక ఒక దారి చూపిస్తా. వచ్చే ఏకాదశికి నువ్వుండు. తెల్లారింది మొదలు మర్నాటి దాకా దివాన్ ఏం తింటే అదే తిను. ఒక్క గింజ నోట పెట్టకూడదు. ఉండగలిగితే మాట్లాడదాం."

"ప్రతిపాదన తిరస్కరించలేదు," అని రంగనాథ్ వివరించాడు. "పెండింగులో ఉంచాం."

*

పదిహేను రోజుల తరువాత వచ్చిన ఏకాదశి కార్యాలయదినం. విధి ఎంత నిర్దయురాలంటే, ఆనాడే మేనేజరు పుట్టినరోజు. నూట ఇరవై సమోసాలు రఘునందన్ బల్ల పక్కగా ఊరేగాయి. అతడు కళ్ళు మూసుకుని జేబులోంచి ఒక ఎముక తీసి నమిలాడు. ఒంటిగంటకు వాసవి నుంచి ఫోటో వచ్చింది: ఆవిర్లు కక్కుతున్న రాజ్మా చావల్. కింద ఒక మాట: "ఆల్ ది బెస్ట్!" మూడింటికి మరొకటి: మోమోలు. పగ పట్టిన శత్రువు కూడా చట్నీ అంత దగ్గరగా చూపించడు.

సాయంత్రం ఇల్లు చేరి నేల మీద దివాన్ పక్కన కూలబడ్డాడు. ఒకే డబ్బాలో నుంచి ఇద్దరూ తింటుంటే, దివాన్ ప్రతి బిస్కెట్‌నూ లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. అప్పుడు గంట మోగింది.

గుమ్మంలో వాసవి. వానకు తడిసిన జుట్టు, వాడిన ముఖం. "జరుగు," అని తానూ నేల మీద కూర్చుంది. "ఒక బిస్కెట్ ఇటివ్వు."

"ఇది నచ్చలేదన్నరు గద?"

"పొద్దుటి నుంచి ఏం తినలేదు."

"మీరా?"

"ఇంకోసారి 'మీరా' అన్నావంటే నిన్ను కొరుకుతాను. అంత ఆకలిగా ఉంది."

"మరి ఆ రాజ్మా?"

"పోయిన నెల ఫోటో. మోమోలు హోలీ నాటివి."

"ఎందుకట్ల?"

ఆమె దివాన్ నిలబడని చెవిని సవరిస్తూ, దానితోనే చెప్పింది. "దివాన్‌జీ, మీ వాడికి చెప్పండి. క్యాంటీన్‌లో సమోసా చేతికి తీసుకున్నాను. ఈ బుద్ధూ ఏం తినకుండా ఉన్నాడు కదా అనిపించింది. దిగలేదు. నా జీవితంలో సమోసా దిగకపోవడం ఇదే ఫస్ట్ టైమ్. ఇది ఎంత సీరియస్సో అర్థమవుతోందా?"

రఘునందన్‌కు అర్థమైంది. "నాకు ఆ కిరాణా దుకాణంలనే అర్థమైంది," అన్నాడు. "అందుకే పొట్లం వదిలిన. దివాన్ కోసం నేను ఎవరికీ ఏదీ వదలను."

దివాన్ లేచాడు. తాను సగం కొరికిన బిస్కెట్‌ను నోట కరచుకుని వచ్చి వాసవి ఒడిలో వదిలాడు. అది ఆ వంశచరిత్రలో మొదటి దానం. వాసవి దాన్ని కళ్ళకద్దుకుంది. తినలేదు, ప్రేమకూ హద్దులుంటాయి.

*

మర్నాడు ద్వాదశి పారణకు ఇద్దరూ వెళ్ళారు, ఇద్దరంటే రఘునందన్, దివాన్. దుర్గాంబ గుమ్మంలోనే అడిగింది. "గింజ ముట్టావా?"

"లేదండి."

"సాక్షి?"

దివాన్ తోక ఊపాడు. ఆమె సాక్ష్యాన్ని స్వీకరించింది. ఆపైన మనవరాలి పీక్కుపోయిన ముఖం వైపు, ఆమె ముందున్న మూడో పెసరట్టు వైపు చూసి, రెండో సాక్ష్యాన్ని కూడా మౌనంగా స్వీకరించింది.

"రంగా, నీ ఫైలేమైందిరా?"

"అభ్యంతరం లేదమ్మా," అన్నాడు రంగనాథ్. జీవితంలో ఏ కాగితం మీదా ఇంత త్వరగా అతడా మాట రాయలేదు.

వాసవి, రఘునందన్ పక్కపక్కన వంగి ఆమె పాదాలకు నమస్కరించారు. దుర్గాంబ పళ్ళెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసి, "శతమానం భవతి!" అంటూ ఘనంగా చల్లింది. సగం వధూవరుల తలల మీద పడ్డాయి. మిగతా సగం దివాన్ ముక్కు ముందు పడి, మరుక్షణమే అతని నోట్లోకి వెళ్ళాయి.

అక్షింతలంటే పసుపు, నెయ్యి, బియ్యం.

"బియ్యం!" అని వంగినవాళ్ళిద్దరూ ఒకేసారి కేకవేశారు. ఆశీర్వచనం పూర్తయ్యేదాకా ఎవరూ ఆగలేదు. రఘునందన్ దివాన్ పై దవడ పట్టుకున్నాడు, వాసవి కింది దవడ పట్టుకుంది. ఇద్దరి వేళ్ళూ లోపలికి వెళ్ళి, నాలుక కింద దాక్కున్న చిట్టచివరి పసుపు గింజ కోసం వెతుకుతూ, గింజకు బదులు ఒకదానికొకటి దొరికాయి. ఎవరివీ వెంటనే బయటికి రాలేదు.

కార్తీకంలో పురోహితుడు శాస్త్రోక్తంగా పాణిగ్రహణం చేయించిన మాట నిజమే. కాని అది రెండోసారి. మొదటిది ఆ ద్వాదశి నాడే, దివాన్ నోట్లో జరిగిపోయింది.